ఒకే నగరం, వేరువేరు నీడలు

బెంగళూరులో వేసవి అందరికీ ఒకే తీరుగా రాదు. మల్లేశ్వరం, జయనగరం వంటి పాత పేటలలోని అనేక వీధులలో నడిమధ్యాహ్నం కూడా నీడపట్టున నడచిపోవచ్చును. అదే వేళ రేకుల ఇండ్ల వరుసలో గోడను తాకితే చేయి చురుక్కుమంటుంది. కట్టడపు పనులకని ఈ నగరానికి వచ్చిన తెలుగు కుటుంబాలలో అనేకం ఈ రెండవ విధమైన వీధులలోనే నివసిస్తున్నవి.

ఈ భేదాన్ని కొలిచి చూచినవారున్నారు. హరిణీ నాగేంద్ర, ఆమె సహపరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చెట్లున్న వీధిభాగాలలో మధ్యాహ్నపు గాలి వేడిమి చెట్లు లేనిచోటికంటె 5.6 డిగ్రీల సెల్సియస్ వరకు తక్కువ. రోడ్డు ఉపరితలపు వేడిమి 27.5 డిగ్రీల వరకు తక్కువ. తోపుడుబండి నడిపేవారికి, కాలినడకన పనికి పోయేవారికి ఈ రెండవ అంకెయే ముఖ్యం. కొమ్మలు ఎండను నేలకు, గోడకు తగలనీయవు; ఆకులు నీటిని ఆవిరిగా విడుస్తూ చుట్టుపట్ల గాలిని చల్లబరుస్తవి. నీడ లేని గోడ పగలంతా కాగి, పొద్దుపోయినదాకా ఆ వేడిని ఇంటిలోనికి విడుస్తూనే ఉంటుంది.

అయితే చెట్లు ఎక్కడ ఉన్నవి? 2010లో వెలువడిన మరొక అధ్యయనంలో, ఇరుకు రోడ్లలో చెట్లు తక్కువనీ, ఉన్నవి చిన్నవనీ, జాతుల వైవిధ్యం కూడా స్వల్పమనీ తేలింది. పేదవాడలలో తరచుగా కనిపించేది మునగ. కూరకు, ఆకుకు అది బంగారమే. నీడకు మాత్రం పలుచన.

ఏ జాతి నాటినా ఒకటే అనుకోరాదు. 1908లో లాల్‌బాగ్‌కు వచ్చిన జర్మను ఉద్యానవేత్త క్రుంబీగెల్, ఏడాది పొడవునా ఏదో ఒక వీధి పూలతో నిండి ఉండేటట్లు చెట్లను ఎంపిక చేయించాడు. అందులోని సౌందర్యాన్ని కాదనలేము. కాని తబేబుయా, జకరాండా, తురాయి వంటివి సరిగ్గా ఎండలు ముదిరే రోజులలోనే చాలావరకు ఆకు రాల్చి ఉంటవి. వీధి మొత్తం వాటితోనే నిండితే కన్నులకు పండుగ, నెత్తికి ఎండ! కానుగ, వేప ఎండాకాలపు ఆరంభంలోనే కొత్తాకు తొడుగుతవి. పొగడ ఏడాదంతా పచ్చగా ఉంటుంది.

అట్లని అన్నీ వేపలే నాటడమూ క్షేమం కాదు. 2021లో తెలంగాణలో ఎండు తెగులు సోకి వేపచెట్లు వరుసగా గోధుమవన్నెకు మారడం స్వగ్రామాలలో చూచినవారికి ఆ ప్రమాదం విదితమే. ఒకే జాతి ఉన్న వీధి ఒక్క తెగులుతో నీడను పోగొట్టుకొనవచ్చును.

ఉన్న పెద్ద చెట్టును కాపాడుకొనడం మొదటి పని. నాటిన మొక్క ఆ నీడ ఇవ్వడానికి అనేక సంవత్సరాలు పడుతుంది. 1976నాటి కర్ణాటక వృక్షసంరక్షణ చట్టం ప్రకారం, సొంత ఆవరణలోని చెట్టునైనా వృక్షాధికారి ముందస్తు అనుమతి లేక నరకరాదు. కొబ్బరి, సరుగుడు, నీలగిరి వంటి కొన్ని జాతులకు మాత్రమే మినహాయింపు.

కొత్త చెట్టు కోరుతూ వ్రాసే అర్జీలో “ఏదైనా ఒక మొక్క” అనక, వీధి వెడల్పును, తీగలున్న వైపును, కావలసిన జాతులను పేర్కొనండి. కన్నడంలో కానుగను హొంగె అనీ, వేపను బేవు అనీ, పొగడను బకుళ అనీ, నేరేడును నేరళె అనీ వ్రాయాలి.