తాడు పట్టేదెవరు?

ఆదివారం తెల్లవారుజామున సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటే బండ్లలో ఫోర్ వీల్ డ్రైవ్ జీపులు ఇప్పుడు తరచూ కనిపిస్తున్నాయి. వెనక సీటు నిండా టెంటు, దుప్పట్లు, నీళ్ల క్యాన్లు. కొందరు మంచాల మీదుగా రాచకొండ గుట్టల వైపు మళ్లుతారు. ఇంకొందరు శ్రీశైలం రోడ్డు పట్టుకుని నల్లమల చేరతారు. ఈ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివి పైచదువులకు ఆస్ట్రేలియా వెళ్లే కుర్రాళ్లకైతే ఏకంగా అక్కడి ఎర్ర ఎడారులే అందుబాటులోకొస్తాయి. పెట్రోలు దండగ, పని లేని తిరుగుడు అని పెద్దలు విసుక్కోవడం మామూలే. కానీ తారు రోడ్డు అయిపోయి, ఫోనులో సిగ్నల్ పోయిన చోట మనిషి స్వభావం దాగదు. దాన్ని సరిదిద్దుకునే అవకాశమూ అక్కడే దొరుకుతుంది.

ముందు బండి సంగతే చూద్దాం. నీరు తీసిన చెరువు శిఖంలో పైన ఎండి పెచ్చులు కట్టినట్టు కనిపించినా కింద బురద మెత్తగానే ఉంటుంది. చక్రం దిగబడగానే కొత్త డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కుతాడు. తొక్కినకొద్దీ చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. చెయ్యి తిరిగినవాడు ఆ క్షణంలో కాలు తీసేస్తాడు. కిందికి దిగి చుట్టూ చూస్తాడు, చక్రాల ముందు మట్టి తీస్తాడు. ఇసుకలోనైతే టైర్లలో గాలి కూడా తగ్గిస్తాడు. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉండే టైరును 20 దగ్గరికి దించితే అది నేల మీద ఇంకాస్త పొడవుగా పరుచుకుంటుంది. బరువు ఎక్కువ జాగాలో పడి పట్టు చిక్కుతుంది. ఆ తర్వాత లో రేంజ్ గేరులో నెమ్మదిగా కదిలిస్తే బండి పైకొస్తుంది. తిరిగి తారు ఎక్కేముందు గాలి నింపుకోవాలి.

చిక్కుకున్నప్పుడు ముందు ఆగాలన్న ఈ అలవాటు బురదలో ఒకసారి ఒంటబడితే పరీక్ష హాల్లోనూ, ఇంటర్వ్యూ గదిలోనూ తోడుంటుంది. తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు గబగబా ఏదో ఒకటి చెప్పేయడం యాక్సిలరేటర్ తొక్కడమే.

ఇక ఆస్ట్రేలియా ఎర్ర ఎడారుల సంగతి. దక్షిణ ఆస్ట్రేలియాలో 2021లో ఏర్పడిన మంగా తిరి–సింప్సన్ డెజర్ట్ నేషనల్ పార్కు దాదాపు 36,000 చదరపు కిలోమీటర్లు. నల్లమలలోని మన అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు. అంటే ఆ పార్కు మన రిజర్వుకు పద్నాలుగింతలకు దగ్గర. ఆ ఎడారిలో వెయ్యికి పైగా ఇసుక దిబ్బలు వరసగా ఉంటాయి. బర్డ్స్‌విల్ ఊరి దగ్గరున్న బిగ్ రెడ్ దిబ్బ ఎత్తు సుమారు 40 మీటర్లు. మధ్యలో పెట్రోలు బంకు ఉండదు. దిబ్బకు అవతలి నుంచి వచ్చేవాళ్లకు కనిపించేలా ప్రతి బండికీ ఎత్తైన కర్రకు జెండా కట్టాలి. డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఎండల వల్ల పార్కు మూసేస్తారు. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవొద్దని అక్కడి అధికారులు పదే పదే చెబుతారు. బండి నీడనిస్తుంది, వెతికేవాళ్ల కంటికి మనిషి కన్నా ముందు అదే ఆనుతుంది.

ఈ నియమాల విలువ తెలియాలంటే ఆస్ట్రేలియాను దాటబోయిన అన్వేషకులు బర్క్, విల్స్ కథ వినాలి. 1860 ఆగస్టులో వాళ్ల బృందం మెల్‌బోర్న్ నుంచి సుమారు 20 టన్నుల సామగ్రితో, బ్రిటిష్ ఇండియా నుంచి తెప్పించిన ఒంటెలతో బయల్దేరింది. ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటడం లక్ష్యం. కూపర్ క్రీక్ అనే వాగు దగ్గర శిబిరంలో కొందరిని ఉంచి నలుగురు ముందుకెళ్లారు. తిరుగుదారిలో ఒకరు చనిపోయారు. 1861 ఏప్రిల్ 21 సాయంత్రం మిగిలిన ముగ్గురూ శిబిరానికి చేరేసరికి అది ఖాళీ. నాలుగు నెలలకు పైగా ఎదురుచూసిన బృందం ఆ ఉదయమే వెళ్లిపోయింది! చెట్టు మీద తవ్వమని చెక్కి, కింద తిండి పాతిపెట్టారు. వీళ్లు ఆ తిండి తీసుకుని, ఉత్తరం పెట్టి గొయ్యి మళ్లీ పూడ్చారు. తాము వచ్చినట్టు చెట్టు మీద మాత్రం కొత్త గుర్తు పెట్టలేదు. కొన్నాళ్లకు వెనక్కి వచ్చి చూసిన శిబిరం మనిషి ఏ తేడా కనిపించక తిరిగి వెళ్లిపోయాడు.

ఆ వాగు ఒడ్డునే యాండ్రువాంధా జాతి వాళ్లు హాయిగా బతుకుతున్నారు. చేపలు, రొట్టెలు ఇచ్చి ఆదుకున్నారు కూడా. బర్క్ వాళ్లను నమ్మలేదు. ఒక సందర్భంలో తుపాకీ పేల్చి తరిమేశాడు. బర్క్, విల్స్ ఇద్దరూ ఆకలితో చిక్కి చనిపోయారు. మూడోవాడు జాన్ కింగ్ ఆ జాతి వాళ్ల పంచన చేరాడు. సెప్టెంబరులో గాలింపు బృందం వచ్చేదాకా వాళ్లే అతన్ని సాకారు. ధైర్యం ముగ్గురికీ ఉంది. సాయం అడిగి, అందుకోగలిగిన గుణమే కింగ్‌ను బతికించింది.

అదే గుణం నల్లమల చెంచుల బతుకులో తరతరాలుగా ఉంది. కొండచరియకు వేలాడే తేనెపట్టు తీయడానికి మనిషి తాడు పట్టుకుని దిగుతాడు. పైన ఆ తాడును ఎవరికి పడితే వాళ్లకు అప్పగించరు. భార్య అన్నకో తమ్ముడికో ఇస్తారు. తోబుట్టువు పసుపు కుంకుమలు తన చేతిలో ఉన్నాయని అతనికి తెలుసు కాబట్టి తాడు వదలడు. లోయ ఎంత లోతుందో చూసుకోవడంతో పాటు, పైన ఎవరున్నారో తేల్చుకున్నాకే అడుగు దించుతారన్నమాట. ఆ చెంచుల అడవి జ్ఞానం మీదే ఇవాళ అమ్రాబాద్‌లో పులుల రక్షణ కూడా చాలావరకు ఆధారపడింది. పాదముద్ర చూసి జంతువు జాడ పట్టే చెంచు యువకులు అటవీశాఖలో వాచర్లుగా పనిచేస్తున్నారు.

మన కుర్రాళ్లకు ఇందులో చేతనైన సాధన చాలా ఉంది. అమ్రాబాద్‌లో వానాకాలం మూడు నెలలు పర్యటనలు ఆపి అక్టోబరులో మళ్లీ మొదలుపెడతారు. కోర్ ఏరియాలో సొంతంగా టెంటు వేసుకునే వీల్లేదు. అటవీశాఖ వసతిలో ఉండి, వాళ్ల సఫారీ బండిలోనే తిరగాలి. మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేటు వేస్తారు. ఈ కట్టుబాట్లను చిరాకు పడకుండా పాటించడమూ సాధనే. వెంట వచ్చే చెంచు గైడును ఫొటో కోసం పిలిచి వదిలేయకుండా, అతను ఏ చెట్టు దగ్గర ఎందుకు ఆగాడో అడిగి తెలుసుకోవాలి.

బయల్దేరే ముందు రాత్రి నలుగురూ కూర్చుని పనులు పంచుకోవాలి. బండి, స్టెప్నీ ఒకరు. నీళ్లు, తిండి ఒకరు. మందుల పెట్టె ఒకరు. ఇక చాలు, వెనక్కి తిప్పుదాం అని చెప్పే అధికారం నాలుగో మనిషికి ఇవ్వాలి. అతను అన్నాక వాదించకూడదు. వెళ్లే దారి, తిరిగొచ్చే గంట కాగితం మీద రాసి ఇంట్లో అమ్మకో అన్నకో ఇవ్వాలి. ఆ గంట దాటితే ఏ నంబరుకు ఫోన్ చేయాలో కూడా అందులో ఉండాలి. మధ్యలో దారి మారితే, సిగ్నల్ ఉన్నచోట ఆగి ఆ మాట ఇంటికి చెప్పాకే బండి కదలాలి.