ఐదు దినముల యాత్ర

తెలుగువారిలో యాత్రలు చేసి, చూచినదానిని శ్రద్ధతో వ్రాసిపెట్టిన వారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు ప్రముఖులు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి, కాశీయాత్ర ముగించుకొని, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. ఆ యాత్రకు పదునైదు నెలలకు పైగా పట్టినది. ఆనాటి యాత్రికునకు సౌకర్యములు తక్కువ, కాలము ఎక్కువ. నేడు ఆ స్థితి తారుమారైనది. రైళ్లు, బస్సులు, బసలు కావలసినన్ని కలవు, కాలమే కొరత. సెలవులలో నాలుగైదు దినములు దొరకిన చాలునని సంతోషింతుము.

కాలము కొద్దిగా నున్నపుడు పలువురు చేయు పని యొకటి కలదు. చూడదగిన స్థలముల పేర్లన్నియు నొక కాగితముపై వ్రాసికొని, అన్నింటిని చూచి తీరవలెనని పరుగులెత్తుదురు. ఒక కోటలో అరగంట, ఒక సమాధికడ పావుగంట, మిగిలిన పొద్దంతయు వాహనములలోను, టిక్కెట్ల వరుసలలోను గడచును. ఇల్లు చేరిన పిమ్మట ఏ గోపురము ఏ నగరమందు చూచితిమో జ్ఞప్తికి రాదు. చూచినవి నలువది, గుర్తున్నవి నాలుగు అన్నట్లగును. కావున చిన్న యాత్రకు పథకము వేయుట యనగా వేనిని చూడవలెనో నిర్ణయించుట మాత్రమే కాదు. వేనిని విడువవలెనో ముందుగా నిర్ణయించుట. ఈ రెండవ పనియే కష్టమైనది.

ఇందుకు ఉదాహరణముగా మనమిప్పుడు ఆగ్రా, జయపురము, ఢిల్లీ నగరములకు ఐదు దినముల యాత్రను పథకము వేసి చూతము. ఈ మూడు నగరములు పటములో నొక త్రిభుజమువలె నుండును. ఢిల్లీ నుండి ఆగ్రాకు రైలు మార్గమున సుమారు 200 కిలోమీటర్లు. ఆగ్రా నుండి జయపురమునకు సుమారు 240. జయపురము నుండి ఢిల్లీకి సుమారు 300 కిలోమీటర్లు. దేశమునకు వచ్చు విదేశీయులు విమానమున ఢిల్లీలో దిగి, అచటినుండి ఈ త్రిభుజమును చుట్టివత్తురు. వారిని చూచి మనవారును మొదట ఢిల్లీకే పోవుదురు. కాని పటము తెరచి చూడుడు. తెలుగునాటి నుండి ఢిల్లీకి పోవు రైళ్లలో పెక్కు ఆగ్రా మీదుగనే పోవును. ఆగ్రాను దాటి ఢిల్లీకి పోయి, మరల ఆగ్రాకు తిరిగి వచ్చుట వచ్చిన దారినే వెనుకకు నడచుట. ఆగ్రాలోనే దిగినచో ఆ శ్రమయు, ఆ వ్యయమును తప్పును. ఆగ్రా నుండి జయపురము, జయపురము నుండి ఢిల్లీ, ఢిల్లీ నుండి ఇంటికి రైలు. త్రిభుజము చక్కగా పూర్తియగును. ఒక పటమును పది నిమిషములు పరిశీలించినందువలన సగము దినము మిగిలినది.

పటము తరువాత చూడవలసినది పంచాంగము. ఉత్తర దేశమున మే, జూను నెలలలో ఎండ దుర్భరము. డిసెంబరు చివరను, జనవరిలోను దట్టమైన పొగమంచు క్రమ్మును. రైళ్లు గంటల తరబడి ఆలస్యమగును. కొన్ని ఉదయములందు ఎదుటనున్న తాజమహలు సైతము కానరాదు. అందుచే సంక్రాంతి సెలవులకంటె దసరా సెలవులు ఈ యాత్రకు తగినవి. అప్పటికి వానలు వెనుకపట్టి, ఆకాశము నిర్మలముగా నుండును.

వారములు కూడ చూచుకొనవలెను. తాజమహలును శుక్రవారమునాడు యాత్రికులకు తెరువరు. ఢిల్లీలోని ఎర్రకోటకు సోమవారము సెలవు. ఈ రెండు ముక్కలు తెలియక వేయి మైళ్లు ప్రయాణము చేసి, మూసిన తలుపులను చూచి మరలిపోవువారు లేకపోలేదు. మనము మంగళవారము బయలుదేరుదుము. బుధవారము ఆగ్రాలో నుందుము. గురువారము ఫతేపూరు సిక్రీ చూచి, సాయంకాలమునకు జయపురము చేరుదుము. శుక్రవారము జయపురము. శనివారము వేకువనే బయలుదేరి ఢిల్లీ చేరి, మధ్యాహ్నము ఎర్రకోట చూతుము. ఆదివారము కుతుబ్ మీనారు, హుమాయూను సమాధి చూచి, రాత్రి రైలెక్కుదుము. ఏ తలుపును మూసియుండదు.

ఇక వ్యయము. రైలు ఛార్జీలు, బస, భోజనము, ప్రవేశ రుసుములు అని నాలుగు పద్దులుగా వ్రాసికొని, మొత్తములో పదియవ వంతు ముట్టకుండ వేరుగా నుంచవలెను. జ్వరము వచ్చినను, రైలు తప్పినను అదియే ఆదుకొనును. కేంద్ర పురావస్తు శాఖవారి రక్షణలోనున్న కట్టడములలో 15 ఏండ్ల లోపు బాలబాలికలకు ప్రవేశ రుసుము లేదు. కావున వయస్సును తెలుపు పత్రము వెంట నుంచుకొనుడు. ఆమేరు కోట, జయపురములోని వేధశాల రాజస్థాన ప్రభుత్వము అధీనములోనివి. అచటి నియమములు వేరు.

వస్తువులు సర్దుకొనుటకు ముందు మరియొక పని కలదు. ఒక కాగితపు చీలికపై ఈ సంవత్సరములను వరుసగా వ్రాసికొనుడు. కుతుబ్ మీనారు నిర్మాణము సుమారు 1199లో ప్రారంభమైనది. ఆగ్రాకోటను అక్బరు 1565లో ప్రారంభించెను. హుమాయూను సమాధి 1570 ప్రాంతమున పూర్తియైనది. ఫతేపూరు సిక్రీ 1571లో మొదలిడబడినది. తాజమహలు పని 1632లోను, ఢిల్లీ ఎర్రకోట పని 1639లోను ప్రారంభమైనవి. జయపురమునకు 1727లో శంకుస్థాపన జరిగినది. మనము నడచు దారి ఈ వరుసలో లేదు. దారి ఒక క్రమమున, చరిత్ర వేరొక క్రమమున నుండును. ఈ చీలిక చేతనున్నచో ఏ రాయి ముందు, ఏ రాయి వెనుక అను సందేహము కలుగదు.

బుధవారమునాడు ఆగ్రాలో మొదట కోటకు పోవలెను. ఇది ఎర్ర ఇసుకరాతితో కట్టినది. లోపలి పాలరాతి మందిరములు అక్బరు మనుమడైన షాజహాను కట్టించినవి. 1658లో ఔరంగజేబు తన తండ్రియైన షాజహానును ఈ కోటయందే బంధించెను. 1666లో మరణించువరకు ఆ వృద్ధుడు ఇచటనే యుండెను. యమునవైపునున్న బురుజునుండి చూచినచో, సుమారు రెండున్నర కిలోమీటర్ల దూరమున, నది వంపు తిరిగినచోట తాజమహలు కనబడును. తన భార్యకై కట్టించిన ఆ సమాధిని ఆ చక్రవర్తి ఎనిమిదేండ్లు ఇచటినుండియే చూచెను. ఈ బురుజుమీద నిలిచి చూచిన పిదప తాజమహలునకు పోవుడు. అది మీకు అందమైన కట్టడముగా మాత్రమే తోచదు.

గురువారమునాటి ఫతేపూరు సిక్రీ ఆగ్రా నుండి జయపురము పోవు దారిలోనే, సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్నది. అక్బరు అచట రాజధానిని కట్టించి, పదునాలుగేండ్లైనను నిండా నివసింపక, 1585లో వాయవ్యపు సరిహద్దు వ్యవహారములకై లాహోరు తరలిపోయెను. నీటి కొరతయు ఆ నగరము పాడుపడుటకు ఒక కారణమని చెప్పుదురు. ఐదంతస్తుల పంచమహలు, సలీం చిష్తీ యొక్క తెల్లని సమాధి, ఆకాశమునంటు బులందు దర్వాజా నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నవి. అంతఃపురములు కలవు, అందు నివసించువారు లేరు.

శుక్రవారము చూడబోవు జయపురము దీనికి చక్కని ప్రతిబింబము. ఆమేరు కొండలలోని పాత రాజధాని జనులకు చాలనందున, నీటి వసతి తగినంత లేనందున, సవాయి జయసింహుడు దిగువ మైదానమున క్రొత్త నగరమును కట్టదలచెను. విద్యాధర భట్టాచార్యుడను పండితుడు అందుకు తోడ్పడెను. వీథులు ఎంత వెడల్పుండవలెనో, అంగళ్లు ఎచట నుండవలెనో ముందుగనే నిర్ణయించి, తిన్నని వీథులతో నగరమును చతురస్రములుగా విభజించిరి. దాదాపు మూడువందల ఏండ్ల తరువాతను ఆ వీథులలో వర్తకము సాగుచునేయున్నది. ఒకే దారిలో, ఒక దినము తేడాతో, విడువబడిన రాజధానిని, నేటికిని నిండుగానున్న రాజధానిని మనము చూతుము. పథకము ఎంతటిదో ఇంతకంటె బాగుగా ఏ గ్రంథమును చెప్పజాలదు.

జయసింహుడు ఖగోళ శాస్త్రమునందు పండితుడు. ఆయన కట్టించిన ఐదు వేధశాలలలో జయపురములోనిదే పెద్దది. అందలి సమ్రాట్ యంత్రము 27 మీటర్ల ఎత్తైన ఎండ గడియారము. దాని నీడ కదలుట కంటికి కనబడును. ఇచట ఒక గంటసేపు నిలిచి, మీ చేతి గడియారముతో పోల్చి చూడుడు. హవామహలు తూర్పుముఖముగా నున్నది గనుక ఉదయపుటెండలో చూడవలెను. తరువాత ఆమేరు కోట. జయపురములో ఈ మూడు చాలును.

ఢిల్లీలో ఎర్రకోటను, హుమాయూను సమాధిని చివర నుంచుటకు కారణము కలదు. హుమాయూను సమాధి తాజమహలుకంటె అరువదేండ్లు ముందటిది. తాజమహలును చూచివచ్చిన కన్నులతో దానిని చూచినచో, నలుచదరపు తోట, ఎత్తైన అరుగు, నడుమ గోపురము ఇవన్నియు ముందుగా ఇచట రూపొంది, ఆగ్రాలో పరిణతి చెందెనని బోధపడును. చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షా 1857లో ఆంగ్లేయులకు పట్టుబడినది ఈ సమాధియొద్దనే. 1858లో ఆయనను విచారించినది ఆయన పూర్వులు కట్టించిన ఎర్రకోటలోనే. అదే కోటపై నేడు ప్రతి సంవత్సరము ఆగస్టు 15వ తేదీన మన జాతీయ పతాకము ఎగురుచున్నది.

కుతుబ్ మీనారు సుమారు 73 మీటర్ల ఎత్తు గలది. దానిలోపలి మెట్లెక్కుటకు నేడెవ్వరిని అనుమతింపరు. 1981 డిసెంబరులో మెట్లమీద దీపములారిపోగా జరిగిన త్రొక్కిసలాటలో 40 మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది మీవంటి బడిపిల్లలు. గుంపుగా పోవు యాత్రలో ఇరుకైన చోట త్రోసికొనరాదనియు, ఉపాధ్యాయుని మాట దాటరాదనియు చెప్పుట ఊరకనే కాదు. దాని ప్రక్కనే గుప్తుల కాలపు ఇనుపస్తంభము కలదు. అందలి ఇనుమున భాస్వరము ఎక్కువగా నుండుటచే పదునాఱు వందల ఏండ్లైనను అది త్రుప్పుపట్టి నశింపలేదు. వానకు, ఎండకు లొంగని ఆ స్తంభము మనుష్యుల చేతుల రాపిడికి లొంగసాగెను. కౌగిలించుకొనినచో అదృష్టము కలుగునని యాత్రికులు దానిని పట్టుకొనుచుండుటచే 1997లో చుట్టును కంచె కట్టిరి.

తాజమహలు సంగతియు నంతియే. పొగవలన పాలరాయి పసుపువన్నెకు తిరుగుచుండుటచే, 1996లో సర్వోన్నత న్యాయస్థానము ఆ పరిసరములలో బొగ్గు కాల్చు పరిశ్రమలు సహజ వాయువునకు మారవలెనని, కానిచో తరలిపోవలెనని తీర్పు చెప్పెను. న్యాయస్థానము పరిశ్రమలను నిలుపగలదు. గోడమీద మేకుతో పేరు చెక్కు చేతిని మనమే నిలుపవలెను. ఈ కట్టడములు మనకు ముందు వందల ఏండ్లు బ్రదికినవి. మన తరువాత ఎన్నాళ్లు బ్రదుకునో మన నడవడిపై నాధారపడియున్నది.

దారిలో సికందరాలోని అక్బరు సమాధి, మథుర, భరత్‌పూరు పక్షుల కేంద్రము మనలను పిలుచును. అవి చూడదగినవే. కాని వానిని మరియొక యాత్రకు విడువుడు. ప్రతి రాత్రియు నిద్రించుటకు ముందు ఆనాడు చూచినదానిని పది పంక్తులలో వ్రాసికొనుడు. పది పంక్తులలో పట్టనంత చూచితిరేని, మరునాడు కొంత తగ్గించుకొనుడు.

ఇంత దూరము పోవు అవకాశము అందరికి ఒకేసారి రాకపోవచ్చును. అందువలన విచారింప పనిలేదు. ఓరుగల్లు కోట, గోలకొండ, లేపాక్షి, నాగార్జునకొండ మనకు దగ్గరనే యున్నవి. ఒక్క దినపు యాత్రకైనను పటము, పంచాంగము, సంవత్సరముల చీలిక ఈ మూడును సిద్ధపరచుకొనుడు. కొద్ది చూచినను నిండుగా చూచినవాడు, చూచిన చోటును చూచినట్లే విడిచివచ్చినవాడు నిజమైన యాత్రికుడు.

ప్రశ్నలు

1. తెలుగునాటి నుండి పోవువారు మొదట ఆగ్రాలో దిగుట ఎందుకు మేలు?
2. ఫతేపూరు సిక్రీకిని జయపురమునకును గల భేదమును వివరింపుము.
3. ఢిల్లీలో హుమాయూను సమాధిని తాజమహలు తరువాత చూచుట వలన కలుగు లాభమేమి?
4. మీ ఊరికి దగ్గరనున్న యొక చారిత్రక స్థలమునకు ఒక దినపు యాత్రకు పథకము వ్రాయుము. అందు వేనిని విడిచితివో, ఎందుకు విడిచితివో తెలుపుము.