ఆటిజం - కన్నవారి మనసు

'ఆటోస్' అనేది గ్రీకు పదం. 'తాను' అని దాని అర్థం. స్విట్జర్లాండు మానసిక వైద్యుడు బ్లాయిలర్ దాని నుండే 'ఆటిజం' అనే మాట చేశాడు. తరువాత 1943లో, అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లలను గూర్చి వ్రాసి, ఇది పసితనం నుండే ఉండే ఒక ప్రత్యేక స్థితి అన్నాడు. ఇది అంటురోగం కాదు, పిచ్చి అంతకన్నా కాదు. మెదడు ఎదిగే తీరులోనే తేడా. పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపకపోవడం, మాటలు ఆలస్యం కావడం, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం మొదలైనవి దీని గుర్తులు. కొందరు పిల్లలు శబ్దాన్ని ఓర్వలేరు. దేవరగట్టు బన్నినాటి మోత మనకు పండుగ, అటువంటి బిడ్డకు నరకం.

మరి కారణమేమి? ఇక్కడ సైన్సే ఒకప్పుడు తప్పుదారి పట్టింది. తల్లిదండ్రులలో ప్రేమ చాలక బిడ్డ ఇట్లయిందని చాలాకాలం నమ్మారు. 1967లో బెటెల్‌హైమ్ ఆ వాదాన్నే ఒక పుస్తకంగా వ్రాశాడు. దానికి మూడేండ్ల ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ దాన్ని ఖండించాడు. ఆయన మనస్తత్వవేత్తే కాదు, ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి కూడా. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనువారు 21 కవలల జతలను పరీక్షించారు. ఏకరూప కవలలు 11 జతల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం కనిపించింది. తక్కిన 10 జతల్లో ఒక్కదానిలోనూ అట్లా లేదు. అనగా వంశపారంపర్యం పాత్ర గట్టిదన్నమాట! పెంపకాన్ని నిందించడానికి ఆధారం లేకపోయింది. కానర్ కూడా 1969లో తల్లిదండ్రుల సభలోనే వారిని నిర్దోషులని ప్రకటించాడు.

అయినా మన ఆలూరు వైపు నింద ఇంకా తల్లిమీదే పడుతుంది. గ్రహణంలో బయటికొచ్చిందనో, దిష్టి తగిలిందనో అంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం వినబట్టి మాట తడబడిందనేవాళ్లూ ఉన్నారు. రెండు భాషలు వినడం ఆటిజానికి కారణం కాదు. అన్నిటికన్నా నష్టం చేసే మాట వేరే ఉంది: "వాళ్ల నాయనకూ ఐదేండ్లకు గానీ మాటలు రాలే."

ఆ మాట మీదనే మా చిన్నాయన ఇంట్లో రెండేండ్లు పోయినాయి. మధ్యలో మిరపకాయలు కోయడానికి గుంటూరు వలస. పరీక్ష చేసిన డాక్టరు పేరు చెప్పినాక చిన్నాయన అడిగింది ఒకటే: "ఎన్ని దినాలకు తగ్గుతాది సార్?" ఇది తగ్గించేది కాదు, నేర్పించేది అని ఆయన జవాబు. వారం దినాలు చిన్నాయన ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత బుడ్డలమ్మిన లెక్కంతా నాటుమందులకు పోసినాడు. ఆటిజాన్ని నయం చేసే మందు నేటికీ లేదు. ఆ దుఃఖాన్ని తేలిగ్గా చూడరాదని నా అభిప్రాయం. ఆటిజం ఉన్న జిమ్ సింక్లెయిర్ 1993లో ఒక సంగతి చెప్పాడు: కన్నవారు ఏడ్చేది తాము ఊహించుకొన్న బిడ్డ కోసం, ఎదురుగా ఉన్న బిడ్డ కోసం కాదని. వినడానికి కటువే గాని నిజముంది.

సర్టిఫికెట్టు తీసుకుంటే బిడ్డకు ముద్ర పడుతుందని మరొక భయం. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో దీన్ని చేర్చింది. 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత చదువు హక్కు ఇచ్చింది. సర్టిఫికెట్టు కోసం మన దేశంలోనే తయారైన కొలమానం వాడతారు. అందులో 40 అంశాలు, ఒక్కొక్కదానికి 1 నుండి 5 మార్కులు. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం లేనట్లు. ఇది పరీక్షలో ఫెయిలవడం వంటిది కాదు, బిడ్డకు ఎక్కడ సాయం కావాలో తెలిపే లెక్క.

సికిందరాబాదులో 1984లో వెలసిన జాతీయ సంస్థ ఉంది గాని, ఆలూరు నుండి ఎన్నిసార్లు పోగలరు? కర్నూలుకు పోయినా ఆ దినం కూలి పోయినట్లే. అందుకే తల్లిదండ్రులకే నేర్పే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించింది. బిడ్డ ఎదురుగా, కంటికి సమానంగా కూర్చోవాలి. బిడ్డ ఆడేదే తామూ ఆడాలి. చిన్న మాట చెప్పి, జవాబు కోసం కాచుకోవాలి. మా పిన్నమ్మ రొట్టెలు కాల్చే పొద్దు పొయ్యి దగ్గరే దీన్ని చేస్తుంది. బిడ్డకిప్పుడు నీళ్లు కావాలంటే చెంబు చూపుతాడు.