బ్రిటన్ పెరట్లో నెటిల్: గుర్తింపు, జాగ్రత్తలు

బ్రిటన్‌లో అద్దె ఇంట్లో దిగే తెలుగు కుటుంబాలకు పెరటిని చక్కగా ఉంచే బాధ్యత తరచుగా అద్దె ఒప్పందంతోపాటే సంక్రమిస్తుంది కనుక, అక్కడి కలుపు మొక్కల్లో అన్నిటికంటే ముందుగా తెలుసుకోవలసినది స్టింగింగ్ నెటిల్. ఉర్టికా డయోయికా అనే శాస్త్రీయ నామం గల ఈ మొక్క ఒంటికి తగిలితే మంట పుట్టించడంలో తెలుగునాట పెరిగే దురదగొండిని పోలినదే అయినా, దురదగొండి తీగగా అల్లుకుంటుంది, ఇది నిటారుగా గుంపులుగా పెరుగుతుంది. అందువల్ల దురదగొండిని బాగా ఎరిగినవారు సైతం దీన్ని చూడగానే పోల్చుకోలేరు.

వసంతారంభంలో చిన్న చిగుళ్లుగా నేల నుంచి పైకి వచ్చే నెటిల్, వేసవి నాటికి సుమారు మీటరు ఎత్తుకు, సారవంతమైన చోట 2 మీటర్ల వరకూ పెరుగుతుంది. రంపపు పళ్లవంటి అంచు, మొనదేలిన కొస, హృదయాకారపు మొదలు గల దీని ఆకులు కణుపు కణుపునా ఎదురెదురుగా జతలుగా పుడతాయి. మే నుంచి సెప్టెంబరు వరకు ఆ కణుపుల వద్దనే సన్నని పచ్చని పూగుత్తులు వేలాడతాయి; మగ, ఆడ పూలు సాధారణంగా వేర్వేరు మొక్కల మీద ఉంటాయి. ఆకుల మీద, కాండం మీద కనిపించే నూగులో కొన్ని బోలు వెంట్రుకలకు సిలికాతో ఏర్పడిన పెళుసైన మొన ఉంటుంది. తాకగానే అది విరిగి, మిగిలిన భాగం ఇంజెక్షన్ సూదిలా చర్మంలో దిగి హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ వంటి రసాయనాలను వదలడం వల్లనే మంట, దద్దుర్లు కలుగుతాయి.

ఇదే రూపంతో భ్రమ కలిగించే వైట్ డెడ్‌నెటిల్ నిజానికి తులసి కుటుంబానికి చెందినది. దానికి పెదవుల ఆకారంలో పెద్ద తెల్లని పూలు పూస్తాయి, తాకినా మంట పుట్టదు. పూలు లేని కాలంలో ఈ రెండింటినీ వేరుచేసి చూడటం కష్టం కనుక, చేతి తొడుగుతో మొక్కను కొద్దిగా పెకలించి చూడటం మేలు: నేలలో పాకే పసుపుపచ్చని గట్టి వేళ్లు కనిపిస్తే అది నెటిలేనని చెప్పవచ్చు.

మంట పుట్టిన చోట రుద్దకుండా, కాసేపాగి సబ్బునీటితో కడిగి చల్లని గుడ్డ వేస్తే చాలావరకు కొన్ని గంటల్లోనే ఉపశమనం కలుగుతుంది. డాక్ మొక్క ఆకును రుద్దడం అక్కడి వాడుకే తప్ప, దాని గుణానికి గట్టి రుజువు లేదు. ముఖం వాచినా, ఊపిరాడకపోయినా అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయాలి.

నత్రజని, భాస్వరం అధికంగా ఉన్న నేల నెటిల్‌కు అనుకూలం కావడంతో పాత చెత్తకుప్పలు, షెడ్డు వెనుక భాగాలు, కాలువ గట్లు దీనికి స్థావరాలు. పిల్లలను అటువైపు కాలిబాటల మీద నడిపించేటప్పుడు నిండు ప్యాంటు తొడగడం మంచిది. విరిగిన వేరుముక్క నుంచి కూడా మొక్క తిరిగి మొలుస్తుంది కాబట్టి, పైన కోసి ఊరుకోకుండా తోట ముల్లుగడ్డపారతో వేళ్లను పూర్తిగా తవ్వితీసి, కౌన్సిల్ వారి తోటవ్యర్థాల డబ్బాలో వేయాలి. ఈ సేకరణకు అనేక కౌన్సిళ్లు ఏటా రుసుము వసూలు చేస్తాయి. అయితే పీకాక్, స్మాల్ టార్టాయిస్‌షెల్ సీతాకోకచిలుకల గొంగళిపురుగులకు నెటిల్ ఆకులే ప్రధానాహారం కనుక, వేసవిలో నరికే ముందు ఆకుల మీద గూళ్లవంటి పట్టుదారాలు ఉన్నాయేమో చూసి, ఉంటే ఆ గుంపును కొన్ని వారాలు వదిలేయడం సముచితం.