నడక ఖాతా వేరు, వేట ఖాతా వేరు

పడమటి నెల్లూరుకు వాన అక్టోబరు చివరి నుంచి వస్తుంది. ఏడాదంతా ఎండిపోయి కనిపించే వెలిగొండలు అప్పుడే పచ్చబడతాయి. ఉదయగిరి దుర్గం ఎక్కాలనీ, ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని కోనేర్లు, బురుజులు, పాత గుళ్లు వెతకాలనీ మనసు లాగేది కూడా అప్పుడే. జలుబులు, జ్వరాలు, తుపాన్లు, ఆఫీసులో ఏడాది చివరి పనులు వచ్చి పడేదీ ఆ రెండు మూడు నెలల్లోనే.

జియోకాషింగ్ అంటే ఇలాంటి వెతుకులాటే. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని పెట్టిన తేడాను తీసేసింది. మర్నాడే ఓరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ ఒక బకెట్‌ను దాచిపెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలు నలుగురికీ చెప్పాడు. ఆట అక్కడ మొదలైంది. పెట్టె దొరికితే అందులోని పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టి రావాలి. పెట్టె లేకుండా చోటును మాత్రమే వెతికి చూసి వచ్చే రకాలూ ఉన్నాయి. మన ప్రాంతానికి అవే నప్పుతాయి.

ఉద్యోగం చేసుకుంటూ ఈ సరదా పెట్టుకున్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. కొండ ఎక్కడాన్నే వ్యాయామంగా లెక్కేసుకోవద్దు. అలా లెక్కేసుకుంటే ఒక వారం వాన, ఒక వారం జ్వరం, ఒక వారం ఇన్‌స్పెక్షన్ వచ్చేసరికి సరదా పోతుంది, ఒళ్లూ బిగుసుకుపోతుంది. సంక్రాంతికి మళ్లీ మొదటికి రావాలి. నడకకు ఒక ఖాతా, ఈ వెతుకులాటకు, అంటే వేటకు, ఇంకో ఖాతా తెరవండి. మొదటిదాంట్లో వారం వారం జమ పడాలి. రెండోది వీలున్నప్పుడే.

పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చే నడకా, రెండు రోజులు కండరాలకు పనీ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే సరిపోతుంది. నవంబరు, డిసెంబరుల్లో మనకు సాయంత్రం ఆరు కాకముందే పొద్దు కుంకుతుంది. ఐదింటికి ఆఫీసు వదిలి ఇల్లు చేరేసరికి చీకటి. కాబట్టి నడక పొద్దున్నే పెట్టుకోండి, లేదా దీపాలున్న వీధిలో నడవండి. వాన పడితే ఆఫీసు మెట్లే చాలు. కండరాలకు గుంజీళ్లను మించింది లేదు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కానీ మోకాళ్లను నిజంగా దెబ్బతీసేది దిగడమే. తొడల్లో బలం ఉంటేనే దిగుడు సాఫీగా సాగుతుంది. బల్ల ముందు రోజంతా కూర్చునేవాళ్లు రెండు నెలల ముందు నుంచే గుంజీళ్లు మొదలుపెట్టాలి.

వాన విషయంలో మొండితనం పనికిరాదు. నాచు పట్టిన రాతిమెట్టు చూడటానికి ఎండినట్టే ఉంటుంది, అడుగు వేశాక తెలుస్తుంది. వాన వెలిసిన మర్నాడు కూడా ఆగండి. పైన కురిసిన నీళ్లు బొగ్గేరుకో, బీరాపేరుకో చేరడానికి టైము పడుతుంది. పొద్దున దాటిన వాగు సాయంత్రానికి దాటనివ్వకపోవచ్చు. ఎంత దూరం వెళ్లినా మధ్యాహ్నం రెండింటికి వెనక్కి తిరగాలని ముందే అనుకోండి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. నిటారు బండల పక్కన ఉపగ్రహ సంకేతం రాయికి తగిలి తిరిగొస్తుంది, ఫోన్లో బాణం గుర్తు పదుల మీటర్లు అటూ ఇటూ దూకుతుంది. దాన్ని నమ్మి అంచు వైపు అడుగులు వేయొద్దు. ఫోను జేబులో పెట్టి కళ్లతో వెతకండి.

ఇక ఒంట్లో బాగోలేనప్పుడు. ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే అయితే మెల్లగా నడవచ్చు. గొంతు దిగి ఛాతీలోకి దగ్గు వచ్చినా, ఒళ్లు నొప్పులున్నా, జ్వరం ఉన్నా నడక కూడా వద్దు. వైరల్ జ్వరంతో ఒంటిని శ్రమపెడితే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. మాత్ర వేసుకోకపోయినా జ్వరం రావడం ఆగాక చదునైన దారిలో మొదలుపెట్టి, మామూలు నడక సులువుగా సాగిన తర్వాతే కొండ మాట ఎత్తండి. డెంగీ అయితే ఇంకా భద్రం. జ్వరం తగ్గిన ఆ ఒకటి రెండు రోజులే దాంట్లో గండం. అప్పుడు లేచి తిరగకూడదు. నొప్పులకు ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేసుకోకూడదు.

పొదల్లో తిరిగేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు పిల్ల కుడుతుంది. నొప్పి ఉండదు. వారం పది రోజుల తర్వాత, ఒక్కోసారి మూడు వారాలకు, విపరీతమైన తలనొప్పితో జ్వరం వస్తుంది. అప్పటికి కొండకు పోయిన సంగతే మనకు గుర్తుండదు. చంకలో, గజ్జల్లో, నడుముకు బెల్టు బిగిసే చోట, మోకాలి వెనక చూసుకోండి. చుట్టూ ఎర్రగా, నడుమ సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే అదే గుర్తు. కొందరికి ఆ పెచ్చు కనిపించదు కూడా. డాక్టరు దగ్గర “ఫలానా రోజు అడవిలో తిరిగాను” అని మీరే చెప్పాలి. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో లొంగే జబ్బు ఇది, ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా పోతుంది. ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేయండి, వేసుకున్న బట్టలు వేడినీళ్లలో నానేయండి. అయ్యప్ప మాలలో ఉన్న స్వాములు చెప్పుల్లేకుండా ఉంటారు కాబట్టి ఆ 41 రోజులూ పొదల వైపు పోకపోవడమే మేలు.

సెలవుల సంగతి. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి 15 క్యాజువల్ లీవులు. మిగిలినవి డిసెంబరు 31తో పోతాయి. పోతాయి కదా అని నవంబరులోనే వాటిని కొండకు ఖర్చు పెట్టేస్తే, డిసెంబరులో పిల్లలకు జ్వరం వస్తే చేతిలో ఏమీ ఉండదు. నాలుగైదు చివరి దాకా దాచండి. పెద్ద జబ్బు చేస్తే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కమ్యూటెడ్ లీవు వాడుకోండి. అర్ధజీతం సెలవులు రెట్టింపు తగ్గుతాయి, జీతం మాత్రం పూర్తిగా వస్తుంది. నెలకు 21,000 లోపు జీతంతో ఈఎస్‌ఐ ఉన్న ప్రైవేటు ఉద్యోగులకు, చందా కట్టిన రోజులు సరిపడా ఉంటే, జబ్బు రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు వస్తుంది. అది తెలియక జ్వరంతోనే డ్యూటీకి పోయేవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు, చూస్తే బాధేస్తుంది.

ఉద్యోగానికి అసలు ముప్పు జ్వరం నుంచి కాదు, అనుమానం నుంచి వస్తుంది. వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది. పాత గుళ్ల దగ్గర గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ల భయం ప్రతి ఊళ్లోనూ ఉంది. సందెవేళ బ్యాగు తగిలించుకుని, ఫోను చూస్తూ రాళ్ల సందుల్లో చేతులు పెట్టే మనిషిని ఊరివాళ్లు ఏమనుకుంటారు? రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవడమే నేరం. ముందే ఫారెస్టు రేంజ్ ఆఫీసులో అడగండి, కొండ కింది ఊళ్లో నలుగురికీ చెప్పండి. దేన్నీ తవ్వొద్దు, గుడి రాళ్లలో ఏమీ దాచొద్దు. పట్టుబడి 48 గంటలు దాటి కస్టడీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి, 1991 సివిల్ సర్వీసుల (సీసీఏ) నిబంధనల ప్రకారం, సస్పెండైనట్టే లెక్క. అమెరికా నుంచి వచ్చిన బావమరిది ఉపగ్రహంతో మెసేజ్ పంపే పరికరం కానుకగా ఇచ్చినా వద్దనండి. అనుమతి లేకుండా అది దగ్గర పెట్టుకోవడం మన దేశంలో నేరం. మామూలు ఫోను జీపీఎస్‌కు ఏ ఇబ్బందీ లేదు.

ఒళ్లు ఇంకా కుదుటపడనివాళ్లకు కొండ ఎక్కకుండానే మంచి వేట ఒకటుంది. 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79 డిగ్రీల తూర్పు రేఖాంశం కలిసే బిందువు వెలిగొండకు అవతల పోరుమామిళ్ల దగ్గర పడుతుంది. ఆత్మకూరు నుంచి బద్వేలు మీదుగా వెళ్లొచ్చు. అక్కడి పెద్ద చెరువును 1369లో కట్టించింది ఉదయగిరి నుంచి ఏలిన భాస్కర భవదూరుడే, బుక్కరాయల కొడుకు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని శాసనంలో చెక్కించాడు. శాసనం చూసి, చెరువుకట్ట మీద మెల్లగా నడిచి రావచ్చు.

ఇంకొక్క మాట. వేటకు ఆదివారం కంటే రెండో శనివారం మంచిది. ఆదివారం కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది, సోమవారం కుంటుకుంటూ ఆఫీసుకు పోనక్కర్లేదు. బయల్దేరే ముందు ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో కాగితం మీద రాసి ఇవ్వండి. కొండ మీద సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు.