గోడ పట్టుకు పోయే ఎలుక, ఆలోచించే ఎలుక

పిల్లలూ! 'కుందేలును బొరియకు చేర్చండి' అంటూ పత్రికల్లో వచ్చే చిక్కుదారి బొమ్మలను మీరు పెన్సిలుతో ఎన్నోసార్లు పూర్తిచేసి ఉంటారు. అది మీకు అంత తేలిక ఎందుకయిందో ఎప్పుడైనా ఆలోచించారా? మీరు బొమ్మను పైనుంచి చూస్తున్నారు. ఏ దారి ఎక్కడ మూసుకుపోయిందో కంటికి కనబడుతూనే ఉంటుంది. మరి మిమ్మల్ని ఎలుకంత చేసి ఆ దారిలోనే దింపితే? ముందొక గోడ, పక్కనొక గోడ. అంతకు మించి ఏమీ కనబడదు. పద్మవ్యూహంలో అభిమన్యుడి అవస్థే!

సరిగ్గా ఈ పనిని ఒక యంత్రానికి అప్పగించే పోటీ ఉంది. దాని పేరు మైక్రోమౌస్. మరమనుషుల పోటీలు అనగానే ఒకదాన్నొకటి గుద్దుకునే యంత్రాలే చాలామందికి గుర్తుకొస్తాయి. నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ పాఠం చెప్పేది ఈ బుల్లి ఎలుకే.

పోటీ స్థలం ఒక పెద్ద చదరపు బల్ల. అందులో 16 వరుసలు, వరుసకు 16 గదులు, వెరసి 256 గదులు. ఒక్కో గది 18 సెంటీమీటర్లు. గోడల ఎత్తు 5 సెంటీమీటర్లు. ఎలుక ఒక మూలనుంచి బయలుదేరి నడిమధ్యనున్న నాలుగు గదులను చేరాలి. దాన్ని బల్లమీద పెట్టాక దారి ఇదని ఎవరూ చెప్పకూడదు. అది మొదట తిరిగి తిరిగి దారి కనుక్కుంటుంది. ఆ తరువాత అదే దారిని జ్ఞాపకం పెట్టుకుని పరుగు తీస్తుంది. అన్నిటికన్నా తక్కువ సమయంలో చేసిన పరుగునే లెక్కలోకి తీసుకుంటారు.

ఈ ఎలుకలకు ఒక తాతగారున్నారు. 1950లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో క్లాడ్ షానన్ అనే శాస్త్రవేత్త 'థీసియస్' అనే ఎలుకను చేశాడు. అది 25 గదుల చిక్కుదారిలో తిరిగేది. తమాషా ఏమంటే, దాని మెదడు దాని తలలో లేదు! బల్లకింద ఉన్న రిలేలే దారిని గుర్తు పెట్టుకునేవి. కిందనుంచి ఒక అయస్కాంతం ఎలుకను లాగేది. మైక్రోప్రాసెసర్లు వచ్చాక మెదడును ఎలుక వీపుమీదే మోయించడం సాధ్యమయింది. 1977లో అమెరికాలో ఇంజనీర్ల పత్రిక ఒకటి ఇటువంటి ఎలుకల పోటీని ప్రకటించింది. 1979లో న్యూయార్కులో తుది పోటీ జరిగింది.

అక్కడే అసలు కథ. ఆ పోటీలో దారి బయటి అంచు దగ్గరే ముగిసేది. అందరికన్నా వేగంగా బయటపడింది ఏమీ ఆలోచించని ఎలుక! ఒక పక్క గోడను వదలకుండా పట్టుకుని పోవడమే దానికి తెలిసిన విద్య. మీరూ చీకటి గదిలో ఎడమచేయి గోడకు ఆనించి నడిస్తే ఎప్పటికో ఒకప్పుడు తలుపు తగులుతుంది గదా! ఇదీ అంతే. బుద్ధిగా పటం గీసుకుంటూ పోయిన ఎలుకలు వెనకబడ్డాయి.

గెలిచినవాడిది తప్పా? కానే కాదు. నియమం ఏది అడిగిందో అదే చేశాడు. నియమంలోనే లోపం ఉంది. అందుకని 1980లో లండనులో పోటీ జరిపినప్పుడు గమ్యాన్ని మధ్యకు మార్చారు. మధ్యనున్న గోడలకూ బయటి గోడలకూ సంబంధం లేకుండా చేస్తే, గోడ పట్టుకున్న ఎలుక గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వస్తుంది. గర్భగుడిలోకి ఎన్నటికీ పోలేదు. ఇక ఆలోచించక తప్పదన్నమాట!

ఎలుకకు కళ్ళేవి? టీవీ రిమోటులో ఉండే పరారుణ కిరణాలే. గోడల పక్కలకు తెల్లరంగు, నేలకు నల్లరంగు వేస్తారు. తెలుపు కిరణాలను తిప్పి పంపుతుంది, నలుపు మింగేస్తుంది. తిరిగి వచ్చిన కిరణం బలాన్నిబట్టి గోడ ఎంత దూరమో తెలుస్తుంది. నడిచిన దూరం చక్రం చుట్లనుబట్టి తెలుస్తుంది. చక్రం వ్యాసం 2.5 సెంటీమీటర్లయితే చుట్టుకొలత 7.85. ఒక గది దాటడానికి సుమారు 2.3 చుట్లు. అయితే నేలమీద దుమ్ముంటే ఘర్షణ తగ్గి చక్రం జారుతుంది. గదికి 2 మిల్లీమీటర్లు జారినా పది గదులకు 20 మిల్లీమీటర్ల తేడా! అందుకే తెలివైన ఎలుక పక్కగోడలను చూసుకుంటూ తన లెక్కను తానే దిద్దుకుంటూ పోతుంది.

ఇక ఆలోచన సంగతి. తూము తెరిస్తే నీరు ముందు పక్కమళ్ళలోకి, వాటినుంచి ఆ పక్కమళ్ళలోకి పారడం చూశారు గదా! ఎలుక లెక్కా అలాగే. గమ్యానికి 0, దాని పక్కగదులకు 1, వాటి పక్కవాటికి 2... ఇలా అన్ని గదులకూ అంకెలు వేస్తుంది. తాను చూడని చోట గోడలే లేవనుకుంటుంది. ఎప్పుడూ చిన్న అంకె ఉన్న గదికే నడుస్తుంది. దారిలో కొత్త గోడ కనబడితే అంకెలు దిద్దుతుంది. సూత్రం ఒక్కటే: గది అంకె, దారి ఉన్న పక్కగదులలోని కనిష్ఠ అంకెకు ఒకటి ఎక్కువ ఉండాలి.

ఎలుక 4 నుంచి 3కు వచ్చిందనుకోండి. అక్కడున్న రెండు '2' గదులకూ గోడలు అడ్డం. తెరిచి ఉన్నది వెనుకనున్న 4 ఒక్కటే. కనుక ఈ గది అంకె ఇకమీదట 5. ఎలుక వెనుదిరిగి ఇంకో 3 వైపు పోతుంది. మళ్ళీ ఈ మూసిన గదివైపు రాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మధ్య ఒక ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా వెళ్ళాను. ఖరీదైన పెట్టె కొని, అందులోని ముక్కలు బిగించి తెచ్చిన బండ్లు చాలా వచ్చాయి. ఒక బాబును 'నీ బండి ఎడమవైపుకే ఎందుకు లాగుతోంది?' అని అడిగాను. 'పెట్టెలో అలాగే వచ్చింది సార్' అన్నాడు. బండి వాడిదే గానీ ప్రశ్న వాడిది కాలేదు. 2016నుంచి కేంద్ర ప్రభుత్వం కొన్ని బడులకు అటల్ టింకరింగ్ ల్యాబులను ఇస్తోంది. మీ బడికి వస్తే సంతోషమే. రాకపోయినా ఎలుక మెదడు తయారుచేయడానికి గళ్ళ పుస్తకం చాలు!

ఇద్దరు కూర్చోండి. ఒకరు 5 అడ్డం, 5 నిలువు గళ్ళు గీసి, గోడలు పెట్టి దాచుకోవాలి. మధ్యగడి గమ్యం. మూలనుంచి మధ్యకు ఒక దారైనా తెరిచి ఉంచాలి సుమా! రెండోవారు ఎలుక. ఖాళీ గళ్ళలో అంకెలు వేసుకుని, గడిగడికీ 'ముందు గోడ ఉందా? ఎడమ? కుడి?' అని మాత్రమే అడగాలి. పైన చెప్పిన సూత్రం ప్రకారం నడవాలి. ఎన్ని అడుగుల్లో చేరారో రాసుకుని పాత్రలు మార్చుకోండి. గోడ పట్టుకు పోయే పద్ధతితో కూడా ఒకసారి ఆడి చూడండి.

ఆట బాగా వచ్చాక ఈ లెక్క చేయండి. ఒక దారిలో 20 గదులు, 12 మలుపులు. మరో దారిలో 24 గదులు, 2 మలుపులు. గదికి పావు సెకను, మలుపుకు అర సెకను అదనంగా పడుతుంది. దగ్గరి దారికి 11 సెకన్లు, దూరపు దారికి 7 సెకన్లు! మన అంకెలు గదులనే లెక్కపెట్టాయి, మలుపులను లెక్కపెట్టలేదు. మలుపులు కూడా లెక్కకు వచ్చేటట్టు ఆ సూత్రాన్ని ఎలా మార్చాలి?