అరుదైన తాళవృక్షాలు

తాడి, ఈత, కొబ్బరి, పోక – ఈ నాలుగు చెట్లను ఎరుగని తెలుగువారు అరుదు. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. వీటిని తాళవృక్షాలు అంటారు. సాధారణంగా వీటికి కొమ్మలు ఉండవు. మాను నిటారుగా పెరుగుతుంది. ఆకులన్నీ కొనలో గుత్తిగా ఉంటాయి. నగరాల్లోని ఉద్యానవనాల్లో, పాత బంగళాల ఆవరణల్లో ఈ కుటుంబపు కొత్త చెట్లు ఎన్నో కనిపిస్తాయి. చాలామంది వాటిని చూసి, 'ఏదో తాటిచెట్టు' అనుకొని వెళ్ళిపోతారు. కొంచెం ఆగి చూస్తే, మనకు తెలిసిన ఈ నాలుగు చెట్లే కొలబద్దలుగా వాటిని గుర్తించవచ్చు.

మొదట చూడవలసింది ఆకు. తాటాకు విసనకర్రలాగా విచ్చుకొని ఉంటుంది. కొబ్బరిమట్టకు ఇరువైపులా సన్నని ఆకులు దువ్వెన పళ్ళలాగా ఉంటాయి. ఈతమట్ట కూడా దూరానికి అలాగే కనిపిస్తుంది. కాని దగ్గరకు వెళ్ళి చూస్తే తేడా తెలుస్తుంది. ఈత ఆకులు దోనెలాగా పైకి తెరచుకొని ఉంటాయి. కొబ్బరి ఆకులు రెండు వాలుల ఇంటికప్పులాగా కిందికి వంగి ఉంటాయి. ఈతమట్ట మొదట్లోని ఆకులు ముళ్ళుగా మారతాయి. కొబ్బరికి ముళ్ళు ఉండవు.

ఆకు చేపతోకలాగా ఉంటే అది జీలుగు. దీనిని కన్నడిగులు బైనె అని, తమిళులు కూందల్ పనై అని, ఒడియావారు సలప అని, మరాఠీవారు భేర్లీ మాడ్ అని పిలుస్తారు. దీని పూగెలలు పైనుంచి మొదలై క్రమంగా కిందికి వస్తాయి. చివరి గెల పండిన తరువాత చెట్టు ఎండిపోతుంది.

తరువాత చూడవలసింది మాను. సిమెంటు స్తంభంలాగా నున్నగా, బూడిదరంగులో ఉండి, పైన ఆకుపచ్చని తొడుగు కనిపిస్తే అది క్యూబా దేశం నుంచి వచ్చిన రాయల్ పామ్. మాను రెండుగా చీలి కొమ్మలు వేసే తాళవృక్షం కూడా ఒకటి ఉంది. అది గుజరాత్ తీరంలోను, డయ్యూలోను కనిపిస్తుంది.

తాళవృక్షంలాగా కనిపించేవన్నీ తాళవృక్షాలు కావు. పెద్ద విసనకర్రను నిలబెట్టినట్లుండే 'బాటసారి చెట్టు' మడగాస్కర్‌కు చెందినది. అది అరటికి దగ్గరి చుట్టం. తోటల్లో పెంచే సైకస్‌కు అసలు పూలే ఉండవు.

తాళవృక్షాల్లో మిక్కిలి విచిత్రమైనది శ్రీతాళం. పూర్వం గ్రంథాలు వ్రాయడానికి దీని ఆకులను వాడేవారు. ఇది సుమారు 30 నుంచి 80 ఏళ్ళు పెరిగి, జీవితంలో ఒక్కసారే పూస్తుంది. చెట్టు తలపై లక్షలాది పూలతో పెద్ద గోపురం లేచినట్లుంటుంది. కాయలు పండి రాలగానే చెట్టు చనిపోతుంది.

శ్రీతాళానికి దగ్గరి బంధువు తాళి పామ్. విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. యానానికి కొద్ది దూరంలో ఉన్న సామర్లకోటలో ఆయన తోట పెంచి, మొక్కలను పరిశీలించారు. వాటి తెలుగు పేర్లను కూడా తన గ్రంథాల్లో నమోదు చేశారు. 1793లో కలకత్తా సమీపంలోని వృక్షశాస్త్ర ఉద్యానవనానికి అధిపతిగా వెళ్ళారు.

1979లో పశ్చిమ బెంగాలులోని శాంతినికేతన్ సమీపంలో ఒక తాళి పామ్ పూతకు వచ్చింది. తలమీద కొమ్ములు మొలిచినట్లున్న ఆ వింత పూగెలను చూసి, అది దయ్యపుచెట్టని గ్రామస్థులు భయపడ్డారు. గింజలు రాకముందే దానిని నరికివేశారు. అడవుల్లో సహజంగా పెరిగినవాటిలో అప్పటికి తెలిసిన చివరి చెట్టు అదే.

ఢాకా విశ్వవిద్యాలయ ఆవరణలో మరొక చెట్టు ఉండేది. అది అరుదైనదని వృక్షశాస్త్రజ్ఞులు ముందే గుర్తించడం వల్ల దానిని కాపాడారు. 2008లో అది పూసింది. కాయలు కాసి, తన స్వభావం ప్రకారం ఎండిపోయింది. కాని ఆ గింజలనుంచి మొక్కలు పెంచి నాటారు. ఆ జాతి నిలిచింది.

రెండు చెట్లూ ఒకే జాతివి. ఒకదాని పేరు చుట్టుపక్కలవారికి తెలియదు. మరొకదాని పేరు తెలుసు. తేడా అంతే. చెట్టును గుర్తుపట్టడం కేవలం కాలక్షేపం కాదు. కాపాడటానికి అది మొదటి మెట్టు.

అర్థాలు
కొలబద్ద : కొలిచే సాధనం
దోనె : చిన్న పడవ
ఆవరణ : ప్రాంగణం

ప్రశ్నలు
1. ఈత ఆకుకు, కొబ్బరి ఆకుకు గల భేదాలను వ్రాయండి.
2. శాంతినికేతన్ చెట్టు, ఢాకా చెట్టు కథలను పోల్చి, మీ అభిప్రాయం తెలపండి.
3. "తాడిని తన్నేవాడుంటే వాని తలదన్నేవాడుంటాడు" – ఈ సామెతను ఏ సందర్భంలో వాడతారు?

భాషాభ్యాసం
తాడి + చెట్టు = తాటిచెట్టు. ఇక్కడ 'డి' స్థానంలో 'టి' వచ్చింది. ఏరు, నోరు అనే పదాలకు 'నీరు' చేర్చి, వచ్చిన మార్పును గమనించండి.

చేయండి
మీ ఊరిలోని తాళవృక్షాలను చూసి, ఒక్కొక్కదాని ఆకు బొమ్మ గీయండి. దాని తెలుగు పేరును, మీ ప్రాంతపు భాషలోని పేరును పెద్దలను అడిగి పక్కన వ్రాయండి.